పాత మండువా ఇంటి చరిత్ర, పూర్వపు యజమానుల ఆచూకీ: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలోని ఒక గ్రామంలో మా తాతగారు 1953లో కొంత మాగాణితో పాటు ఒక మండువా లోగిలి కొన్నారు. అంతకుముందు ఆ ఇల్లు ఎవరిదో, ఎవరు కట్టించారో, ఎందుకు అమ్ముకున్నారో మా ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. నాలుగు వేసవులు రిజిస్ట్రేషను కార్యాలయాలూ, తహశీల్దారు కార్యాలయమూ, పంచాయతీ, ఊరి పెద్దల అరుగులూ తిరిగిన తర్వాత ఆ ఇంటి కథ చాలావరకు తెలిసింది. అప్పటి నుంచి బంధువులూ స్నేహితులూ తమ ఊళ్లలోని పాత ఇళ్ల గురించి నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నా అనుభవం ఎక్కువగా కోస్తా గ్రామాలది. తెలంగాణ రికార్డుల తీరు వేరు కాబట్టి వాటి గురించి విడిగా రాశాను.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఇంటి భోషాణంలోనో, ట్రంకుపెట్టెలోనో. ముందుగా కావలసింది మీ కుటుంబం ఆ ఇల్లు కొన్ననాటి క్రయ దస్తావేజు. అందులో ధర, హద్దులు మాత్రమే చూసి ఊరుకోకండి. అమ్మిన వ్యక్తికి ఆ ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే వాక్యం ఒకటి సాధారణంగా మొదటి పేజీలోనే ఉంటుంది. "నాకు ఫలానా వారి వలన దఖలుపడి, నేటివరకు నా స్వాధీనానుభవంలో ఉన్న" అనే ధోరణిలో సాగే ఆ వాక్యంలో పాత దస్తావేజు నంబరు, సంవత్సరం దొరికితే ఒక మెట్టు వెనక్కి వెళ్లినట్టే. దస్తావేజుతో పాటు పూర్వ యజమాని అప్పగించిన లింకు దస్తావేజులు, శిస్తు రసీదులు, నీటితీరువా రసీదులు, ఇంటిపన్ను రసీదులు, చెల్లిపోయిన ప్రాంసరీ నోట్లు, పాత శుభలేఖలు ఏవున్నా ఒకచోట పెట్టి, తేదీల వారీగా పేర్చుకోండి. చిరిగిన కాగితాన్ని టేపుతో అతికించవద్దు. కొన్నేళ్లకు టేపు జిగురు అక్షరాలనే తినేస్తుంది.

ఆన్‌లైనులో పొలం వివరాలు వస్తున్నాయి. ఇంటి వివరాలు ఎందుకు రావడం లేదు?

ఊరి మధ్యనున్న ఇళ్ల స్థలాలు గ్రామకంఠం కిందికి వస్తాయి. నెల్లూరు, చిత్తూరు వైపు దీన్నే గ్రామ నత్తం అంటారు, తెలంగాణలో ఆబాదీ అని కూడా అంటారు. శిస్తు వసూలు కోసమే పుట్టిన రెవెన్యూ రికార్డుకు శిస్తు లేని ఈ స్థలాలతో పని లేకపోయింది. అందువల్ల ఊరంతా ఒకే నంబరు కింద "గ్రామకంఠం" అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. ఎవరి ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అందులో ఉండదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో ఇళ్ల స్థలాలు కొలిచి పత్రాలివ్వడం ఈ లోటును తీర్చడానికే గాని, అది నేటి స్వాధీనాన్ని చెబుతుంది, నిన్నటి కథను కాదు.

కాబట్టి ఇంటి చరిత్రకు దారి మూడు వైపుల నుంచి వెతకాలి: రిజిస్టరైన దస్తావేజులు, ఆ ఇంటివారి పొలం రికార్డులు, ఇరుగుపొరుగు వారి కాగితాలు. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది అదే.

ఇ.సి. తీస్తే పాత యజమానులందరి పేర్లూ వస్తాయా?

రావు. ఇ.సి. అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. ఉభయ రాష్ట్రాల్లోనూ కంప్యూటరులో దొరికే ఇ.సి. సాధారణంగా 1983 జనవరి 1 నుంచి జరిగిన లావాదేవీలకే. అంతకుముందువి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సంపుటాలు తిరగేసి చేతితో వెతకవలసినవి. పైగా ఇ.సి.లో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. తండ్రి పోయాక కొడుకులకు వచ్చిన వారసత్వం, అన్నదమ్ములు పెద్దమనుషుల ఎదుట నోటిమాటగా చేసుకున్న పంపకం, రిజిస్టరు చేయించని వీలునామా ఇవేవీ అందులో కనబడవు. వంద రూపాయల లోపు విలువగల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. వంద రూపాయలకు ఊళ్లో స్థలం వచ్చే రోజుల్లో ఇది చిన్న మినహాయింపు కాదు. అందుచేత "శూన్యం" అని వచ్చిన ఇ.సి.ని చూసి ఆ కాలంలో ఏమీ జరగలేదని అనుకోకండి.

1983కు ముందు దస్తావేజులను ఎలా వెతకాలి?

స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో నకలు చేయబడతాయి. దానికి రెండు సూచికలు ఉంటాయి. మొదటి సూచికలో రాసిన వారి, రాయించుకున్న వారి పేర్లు ఉంటాయి. రెండో సూచికలో గ్రామం, ఆస్తి వివరాల ప్రకారం ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను ప్రకారం ఒకటో పుస్తకాన్నీ, దాని సూచికలనూ నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. మీరు ఆ కుటుంబపు వారసులు కానవసరం లేదు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసిన వ్యక్తి మరణించిన తర్వాత వాటి నకలు కూడా ఎవరైనా అడగవచ్చు. నాలుగో పుస్తకంలోని వాటిని (స్థిరాస్తితో సంబంధం లేని ఇతర దస్తావేజులను) మాత్రం సంబంధిత వ్యక్తులకే ఇస్తారు.

ఇల్లు వెతికేటప్పుడు సర్వే నంబరు గాని డోరు నంబరు గాని ఉండదు కాబట్టి పేరుతోనే వెతకాలి. ఒకే మనిషిని ఇంటిపేరు మొదటి అక్షరం కింద, అసలు పేరు మొదటి అక్షరం కింద రెండు చోట్లా చూడండి. మీకు తెలిసిన అమ్మకం తేదీ నుంచి వెనక్కి, ఏడాది తర్వాత ఏడాది వెళ్లండి. ఆ కుటుంబం కొన్నవీ, అమ్మినవీ, తనఖా పెట్టినవీ అన్నీ రాసుకోండి. పొలం తనఖా దస్తావేజులో కూడా "నా కాపురపు ఇంటికి ఉత్తరాన ఉన్న దొడ్డి" వంటి మాట దొరుకుతుంది. ఒక రోజుకు పది సంవత్సరాలకు మించి చూడాలనుకోవద్దు. పాత సంపుటాల్లోని చేతిరాతకు కళ్లు అలవాటు పడటానికే ఒక పూట పడుతుంది.

పాత దస్తావేజును ఎలా చదవాలి? అందులో ఏది ముఖ్యం?

హద్దులు. ధర కన్నా, షరతుల కన్నా నాలుగు హద్దులే మీకు ఎక్కువ చెబుతాయి. తూర్పున రాజవీధి, దక్షిణాన ఫలానా వారి ఇల్లు, పడమట పుంత, ఉత్తరాన ఫలానా వారి దొడ్డి అని రాసినప్పుడు ఆ లేఖరి తనకు తెలియకుండానే ఆ రోజుకు నలుగురు పొరుగువారి పేర్లు నమోదు చేసిపెట్టాడు. అంటే మీ ఇంటి యజమాని పేరు మీ ఇంటి దస్తావేజులో లేని సంవత్సరాల్లో కూడా పొరుగింటి దస్తావేజులో హద్దుగా దొరకవచ్చు.

మా ఇంటి విషయంలో జరిగింది ఇదే. 1911లో ఒక రైతు ఆ స్థలం కొన్న దస్తావేజు దొరికింది. తర్వాత 1931లో వేరే ఇంటిపేరుగల ఒక వ్యక్తి దాన్ని తనఖా పెట్టిన దస్తావేజు దొరికింది. మధ్యలో అమ్మకం జరిగే ఉంటుందనుకుని ఒక వేసవి మొత్తం ఆ అమ్మకం కోసం వెతికాను. అది లేదు. చివరకు మా ఉత్తరపు పొరుగువారి అనుమతితో వారి 1919 నాటి కాగితం చూస్తే, అందులో దక్షిణపు హద్దుగా 1911లో కొన్న రైతు పేరు రాసి, ఆ పేరు పక్కనే "గారి విధవ భార్య గారి ఇల్లు" అని ఉంది. ఆ చిన్న మాటతో దారి తెరుచుకుంది. ఆమె పేరుతో సూచిక వెతికితే 1922లో ఆమె తన కుమార్తెకు పసుపు కుంకుమల నిమిత్తం ఆ స్థలాన్ని ఇచ్చిన దాన దస్తావేజు బయటపడింది. భర్త తరఫు పాలివాళ్లు సమ్మతిస్తున్నట్టు దాని కింద సంతకాలు చేశారు. 1931లో తనఖా పెట్టినది ఆ కుమార్తె భర్త, అంటే ఆ ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడు. నేను అమ్మకం కోసం వెతికిన చోట ఒక తల్లి తన కూతురికి ఇచ్చిన దానం ఉంది.

హద్దుల తర్వాత చూడవలసినవి సాక్షుల సంతకాలు, లేఖరి పేరు. సాక్షుల్లో తరచుగా బావమరదులు, వియ్యంకులు ఉంటారు. బంధుత్వాల జాడ అక్కడ దొరుకుతుంది. వేలిముద్ర వేసినవారి పేరు పక్కన "నిశాని" అని రాసి ఉంటే వారికి సంతకం రాదని అర్థం. దస్తావేజులో కులం, వృత్తి, నివాసం కూడా రాసేవారు. ఇంటిపేరు ఒకటే అయిన ఇద్దరిని వేరు చేయడానికి ఇవి ఉపయోగపడతాయి.

ఇంటిపేరు మారిందంటే ఇల్లు చేతులు మారినట్టేనా?

కాదు. ఇంతకుముందు చెప్పినట్టు ఇల్లరికం ఒక కారణం. దత్తత రెండోది. దత్తత వెళ్లిన వ్యక్తి ఇంటిపేరు మారుతుంది గాని, పుట్టినింటి పేరుతో కూడా అతన్ని ఊళ్లో పిలుస్తూనే ఉంటారు. ఆస్తి స్త్రీల పేరున ఉండటం మూడో కారణం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి ముందు భర్త ఆస్తిపై విధవరాలికి ఉన్నది సాధారణంగా జీవితకాలపు పరిమిత హక్కు మాత్రమే. ఆమె తర్వాత ఆస్తి భర్త వారసులకు వెళ్లేది. ఆమె చేసిన దానాల మీద, అమ్మకాల మీద పాలివాళ్లు దావాలు వేసిన సందర్భాలు కోస్తాలో చాలా ఉన్నాయి. అటువంటి దావా ఒకటి నడిచి ఉంటే, కోర్టు తీర్పులో వంశవృక్షం మొత్తం దొరుకుతుంది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు సమాన వాటా ఇచ్చిన రాష్ట్ర సవరణ 1986లో వచ్చింది. అందుకే ఆ తర్వాతి భాగపంపిణీ దస్తావేజుల్లో ఆడపడుచుల పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి.

మగవారి పేర్ల వెంటే వెళ్తే సగం చరిత్ర పోతుంది. ప్రతి తరంలోనూ ఆ ఇంటి ఆడపడుచులు ఎవరు, ఏ ఊరికి వెళ్లారు అని తప్పకుండా అడగండి. పాత ఫొటోలు, ఉత్తరాలు చాలాసార్లు వారి ఇళ్లలోనే భద్రంగా ఉంటాయి.

ఇంటివారి పొలం రికార్డుల్లో ఏమేం దొరుకుతాయి?

ఆంధ్ర ప్రాంతంలో రైత్వారీ (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే) గ్రామమైతే ముందుగా ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) అడగండి. బ్రిటిషు కాలపు రీసర్వే తర్వాత ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో తయారైనందువల్ల దీన్ని డైగ్లాట్ అని కూడా పిలుస్తారు. సర్వే నంబరు వారీగా విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. దాని తర్వాత ఏటేటా రాసిన అడంగళ్లు, పది ఒకటి (10-1) ఖాతాలు, అంటే ఒక్కొక్క పట్టాదారు పేరున ఉన్న భూముల లెక్కలు. అడంగల్లో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు పేరు, వేసిన పంట కూడా ఉంటాయి. పట్టా ఒకరిది, సాగు వేరొకరిది అయినప్పుడు అసలు ఆ ఇంట్లో ఉన్నదెవరో అక్కడ తేలుతుంది.

ఈనాం (శిస్తు లేకుండా గాని, తగ్గించి గాని దానంగా ఇచ్చిన) గ్రామమో, అగ్రహారమో అయితే మీకు ఒక గొప్ప అవకాశం ఉంది. 1858లో ఏర్పడిన ఈనాం కమిషన్ ఒక్కొక్క ఈనామును విచారించి తయారుచేసిన ఈనాం ఫేర్ రిజిస్టరులో దానం ఇచ్చినదెవరు, మొదట పుచ్చుకున్నదెవరు, విచారణ నాటికి అనుభవిస్తున్నదెవరు, వారి వయసు ఎంత అన్న వివరాలు ఉంటాయి. 1860ల నాటికి బతికి ఉన్న ఒక పల్లెటూరి మనిషి వయసు లిఖితపూర్వకంగా దొరకడం మామూలు విషయం కాదు.

పిఠాపురం, నూజివీడు, వేంకటగిరి, బొబ్బిలి వంటి జమీందారీల కింది గ్రామాలకు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంట్ ఫేర్ అడంగళ్లు తయారయ్యాయి. అంతకుముందు జమీందారు రైతుకు పట్టా, రైతు జమీందారుకు ముచ్చిలికా (ఒప్పుకోలు పత్రం) రాసిచ్చుకునేవారు. ఇంట్లో పాత పట్టా ఒకటైనా మిగిలి ఉందేమో చూడండి.

చాలామంది మరిచిపోయే ఆధారం ఇంకొకటి ఉంది. 1973 నాటి భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు, పరిమితికి మించి భూమి ఉన్న కుటుంబాలు తమ భూములన్నిటి వివరాలతో డిక్లరేషన్లు దాఖలు చేశాయి. మీ ఇంటి పూర్వ యజమానులది పెద్ద కమతమైతే ఆ డిక్లరేషనులో ఏ ఊళ్లో ఏ భూమి ఎప్పుడు ఎలా వచ్చిందో వరసగా ఉంటుంది.

మా ఊరు తెలంగాణలో ఉంది. ఈ పేర్లేవీ అక్కడ వినపడవు కదా?

నిజమే. నిజాం రాజ్యపు రికార్డులకు వాటి పేర్లు వాటికి ఉన్నాయి. సర్వే తర్వాత తయారైన సేత్వార్ మూలాధారం. దాని తర్వాత వసూల్ బాకీ (శిస్తు లెక్క), ఫైసల్ పట్టీ (ఏటేటా జరిగిన మార్పుల లెక్క), పహాణీ (కోస్తా అడంగల్ వంటిది). అన్నిటిలోకీ ఎక్కువగా అడిగేది 1954–55 నాటి ఖాస్రా పహాణీ. తర్వాత మూడేళ్లది చేసాల పహాణీ. ఖాస్రా పహాణీలో పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరు అన్నది విడివిడిగా ఉంటుంది. రక్షిత కౌలుదారుల వివరాలు కూడా ఆ కాలపు రికార్డుల్లోనే దొరుకుతాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి కాబట్టి అంతకుముందు మీ ఊరు జాగీరా, సర్ఫేఖాసా (నిజాం సొంత భూమి), దివానీయా (ప్రభుత్వ భూమి) అన్నది ముందు తెలుసుకుంటే ఏ కచ్చీరు కాగితాలు వెతకాలో తెలుస్తుంది.

పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి, అంతకన్నా పాతవి ఫార్సీలో ఉండవచ్చు. అక్షరాలు గుర్తుపట్టడానికి కాదు, శికస్తా (గొలుసుకట్టు) చేతిరాత చదవడానికి అనుభవం గల మనిషి కావాలి. మీ మండలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న పాత పట్వారీల కుటుంబాలను అడగండి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో మొగలుల కాలం నుంచీ ఉన్న ఫార్సీ, ఉర్దూ పత్రాలు భద్రపరచి ఉన్నాయి. ఆన్‌లైన్ రికార్డులు, అవి 2020 నాటి ధరణి అయినా 2025లో దాని స్థానంలో వచ్చిన భూభారతి అయినా, ఇటీవలి హక్కులకు మాత్రమే. పాత పహాణీల కోసం తహశీల్దారు కార్యాలయానికి దరఖాస్తు పెట్టవలసిందే.

ఫస్లీ, రక్తాక్షి, కుంట, పుట్టి అంటే ఎలా లెక్కకట్టాలి?

ఫస్లీ సంఖ్యకు 590 కలిపితే ఆ వ్యవసాయ సంవత్సరం మొదలైన క్రీస్తుశకం వస్తుంది. ఫస్లీ 1364 అంటే 1954–55. శాలివాహన శకానికి 78 కలపాలి. తెలుగు సంవత్సరం పేరుతో మాత్రం జాగ్రత్త. ప్రతి 60 ఏళ్లకూ అదే పేరు తిరిగి వస్తుంది. రక్తాక్షి 1864లోనూ, 1924లోనూ, 1984లోనూ వచ్చింది. క్రోధన 1865, 1925, 1985. ఒక్క పేరుతో నిర్ణయానికి రాకూడదు.

కోస్తాలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. కొన్ని ఊళ్లలో గుంటనే కుంట అంటారు. గుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4 చదరపు గజాలు. పుట్టి, కుచ్చెల వంటి పాత కొలతలు ఊరిని బట్టి మారేవి కాబట్టి వాటిని ఎకరాల్లోకి మార్చవలసివస్తే ఆ ఊరి పాత కాగితాల్లోనే రెండు కొలతలూ కలిసి ఉన్నచోటు వెతకండి. 1957కు ముందు డబ్బు రూపాయలు, అణాలు, పైసల్లో ఉంటుంది: రూపాయికి 16 అణాలు. హైదరాబాదు రాజ్యంలో నిజాం నాణెమైన హాలీ సిక్కా వేరు, బ్రిటిషు కల్దారు వేరు. దస్తావేజులో ఏది రాసి ఉందో చూడాలి.

ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారో కాగితం లేకుండా తెలుసుకోవచ్చా?

ఇల్లే కొంత చెబుతుంది, దానికి కాగితం తోడైతే పూర్తిగా చెబుతుంది. మా మండువా పడమటి దూలం మీద దశాబ్దాల పొగమసి పట్టి ఉండేది. నిచ్చెన వేసుకుని తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే, ముందు ఒక శంఖం, తర్వాత ఒక చక్రం, వాటి మధ్య "రక్తాక్షి వైశాఖ శు" అన్న అక్షరాలు కనిపించాయి. ఆ తర్వాతి భాగం చెదలు తిన్నది. అది 1864 నాటిదని ఊళ్లో అందరూ సంతోషించారు. కానీ నాకు అప్పటికే దొరికిన 1911 దస్తావేజులో ఆ స్థలంలో ఉన్నది "తాటాకుల పూరిల్లు" అని రాసి ఉంది. 1931 తనఖాలో మాత్రం "బర్మా టేకు కలపతో కట్టిన పెంకుటిల్లు" అని ఉంది. కాబట్టి అది 1924 వైశాఖం, అంటే కుమార్తెకు దానం ఇచ్చిన రెండేళ్లకు.

కలప, పెంకు, సున్నం మూడూ చూడండి. పైకప్పున గూనపెంకుల కింద ఎక్కడైనా బంగళా పెంకు కనిపిస్తే దాన్ని తిప్పి చూడండి, తయారుచేసిన కర్మాగారం పేరు ముద్ర వేసి ఉంటుంది. మంగుళూరులో బాసెల్ మిషన్ వారు ఈ రకం పెంకుల కర్మాగారాన్ని 1865లో మొదలుపెట్టారు కాబట్టి పెంకు దానికన్నా పాతది కాదు. అయితే పెంకులు మార్చడం మామూలే కనుక పెంకు వయసే ఇంటి వయసు అనుకోకూడదు. గోడ అడుగున గానుగ సున్నమా, పైన సిమెంటా అన్నది తర్వాతి మరమ్మతులను చూపుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయి డెల్టాలో రెండో పంట, చేతిలో రొక్కం వచ్చిన తర్వాతే పెద్ద మండువాలు విరివిగా లేచాయి. కొన్నిటికి రంగూన్‌లో సంపాదించిన డబ్బు తోడైంది.

యజమానులు ఎందుకు అమ్ముకున్నారో తెలుస్తుందా?

దస్తావేజు కారణం రాస్తుంది గాని "కుటుంబ అవసరాల నిమిత్తం" అన్న మాటతో సరిపెడుతుంది. అసలు కారణానికి కాలాన్ని చూడాలి. 1930 తర్వాత ధాన్యం ధర పడిపోయినప్పుడు మంచి రోజుల్లో చేసిన అప్పులు తీర్చలేక డెల్టా రైతులు ఎంతోమంది తనఖాలు పెట్టారు. మా ఇంటి 1931 తనఖా ఆ వరుసలోదే. 1938లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన వ్యవసాయదారుల రుణవిమోచన చట్టం వడ్డీ భారాన్ని తగ్గించడంతో ఆ కుటుంబం ఇల్లు నిలుపుకొంది. 1940లో తనఖా చెల్లు రసీదు రిజిస్టరైంది. అమ్మకం జరిగింది పదమూడేళ్ల తర్వాత, కొడుకులు ఉద్యోగాలకు పట్నాలు వెళ్లాక. అప్పుల పాలై అమ్ముకున్నారని ఊళ్లో ఇంతకాలం చెప్పుకున్నది పొరపాటు. ఆ కుటుంబపు మనవరాలికి ఈ మాట చెప్పగలిగినందుకు నాకు చాలా తృప్తిగా ఉంది.

మా ఊరు ఇప్పుడు వేరే జిల్లాలో ఉంది. రికార్డులు ఎక్కడుంటాయి?

దస్తావేజు రాసిన నాటి జిల్లా, తాలూకా ఏవో చూడండి. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది. అంతకుముందు అందులోని చాలా గ్రామాలు కృష్ణా జిల్లావి. గుంటూరు 1904లో, ప్రకాశం 1970లో విడిగా ఏర్పడ్డాయి. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మళ్లీ మారాయి. మండలం కొత్తదైనా పాత సంపుటాలు పాత సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనో, జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలోనో ఉండిపోతాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రెవెన్యూ పత్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారం వరకు వెళ్లవలసి రావచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివరన మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూపే పట్టికను ముందే తీసుకోండి.

రికార్డు లేదు, పాడైపోయింది అంటే ఏం చేయాలి?

వెంటనే నమ్మకండి, గొడవ కూడా పడకండి. ఒక కార్యాలయంలో 1922 సంపుటం చెదలు తినిందని నాకు రెండుసార్లు చెప్పారు. మూడోసారి వెళ్లినప్పుడు, పదవీ విరమణకు దగ్గరపడిన ఒక ఉద్యోగి దాన్ని వేరే అలమరలో వెతికి తెచ్చి, దుమ్ము దులిపి నా ముందు పెట్టారు. నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. దానిమీద జవాబు కూడా రాతలోనే అడగండి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి. రికార్డు నిజంగానే లేదని ధ్రువపత్రం వస్తే పొరుగింటి హద్దుల దారి ఎలాగూ ఉంది. 1984లో కరణాలు, మునసబుల పదవులు రద్దయినప్పుడు కొన్ని గ్రామ లెక్కలు వారి ఇళ్లలోనే ఉండిపోయాయి. ఆ కుటుంబాలను మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

ఊళ్లో వాళ్లను అడిగితే అనుమానపడుతున్నారు. ఎలా?

పాత యజమానులెవరని ఎవరైనా అడిగితే కోర్టుకు వెళ్తారేమోనని ఊరు భయపడుతుంది, ఆ భయం సహజం. అందుకే మొదటి రోజే, వీలైతే నలుగురూ కూర్చున్నచోట, ఎందుకు అడుగుతున్నారో స్పష్టంగా చెప్పండి. మీ దగ్గరున్న పాత ఫొటో ఒకటి తీసుకువెళ్లి చూపించండి. పెద్దవారిని సంవత్సరం అడగవద్దు. "1953 గోదావరి వరదలప్పుడు ఈ ఇంట్లో ఎవరున్నారు తాతగారూ?", "86 వరదలకు ముందా, తర్వాతా అమ్మమ్మగారూ?" అని సంఘటనతో అడిగితే జ్ఞాపకం సరిగా పనిచేస్తుంది. ఇంటిపేర్లు, గోత్రాలు పాడే వంశరాజులు మీ వైపు ఇంకా వస్తుంటే వారు చెప్పిన వరుసను రికార్డు చేసుకోండి. కాశీ, గయ వెళ్లిన పెద్దలు ఉంటే అక్కడి పండాల వహీల్లో (యాత్రికుల వంశాల పేర్లు రాసే పుస్తకాల్లో) మూడు నాలుగు తరాల పేర్లు ఉండవచ్చు.

దస్తావేజుల్లో ఎక్కడా పేరు లేని మనుషులు కూడా ఆ ఇంటి చరిత్రలో భాగమే. పాలేర్లు, కౌలురైతులు, ధాన్యం దంచిన ఆడవాళ్లు, దూలం చెక్కిన వడ్రంగి ఎవరో అడగండి. మా దూలం మీది శంఖుచక్రాలు చెక్కిన వడ్రంగి మునిమనవడు పక్క ఊళ్లోనే ఉన్నాడు. తన ముత్తాత ఆ పని చేశాడని అతనికి తెలుసు, మాకే తెలియదు.

విదేశాల్లో ఉంటున్నాం. ఇక్కడికి రాకుండా ఎంతవరకు చేయగలం?

1983 తర్వాతి ఇ.సి.లు, కొన్ని దస్తావేజుల ధ్రువీకరించిన నకళ్లు ఆన్‌లైనులో తీసుకోవచ్చు. అంతకు ముందువాటికి ఇక్కడ ఒక మనిషి కావాలి. ఆ మనిషికి పేర్లు, సంవత్సరాలు, నాలుగు హద్దులు రాసి పంపండి. "మా ఇంటి గురించి అన్నీ చూడు" అంటే ఏమీ దొరకదు. ఇంట్లోని పెద్దవారి జ్ఞాపకాలను మాత్రం వాయిదా వేయకుండా ఈ వారమే ఫోనులో రికార్డు చేసుకోండి.

దొరికినవన్నీ ఎలా భద్రపరచాలి?

ఒక పొడవాటి కాగితం మీద సంవత్సరాల వారీగా, ప్రతి సంగతి పక్కన దాని ఆధారం ఏమిటో రాయండి: దస్తావేజు నంబరు, కార్యాలయం, లేదా చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ. కాగితంలో ఉన్నది, మనుషులు చెప్పినది, మీరు ఊహించినది మూడింటినీ వేర్వేరు రంగుల్లో రాస్తే తర్వాత కలిసిపోవు. ధ్రువీకరించిన నకళ్లను ప్లాస్టిక్ సంచుల్లో కాకుండా గుడ్డలోనో, కాగితపు కవరులోనో పెట్టండి. ఒక నకలు పూర్వ యజమానుల వారసులకు పంపండి. మేము పంపిన నెల రోజులకు, 1922లో ఆ స్థలాన్ని దానంగా అందుకున్న ఆ కుమార్తె ఫొటో ఒకటి టపాలో మాకు వచ్చింది. అందులో ఆమె మా అరుగు మీదనే కూర్చుని ఉంది.